కాలువ తెలిసిన మనిషి వెళ్లిపోతే

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఏప్రిల్ నెలాఖరుకి నేను కాలువ ఉద్యోగం మానేశాను. కృష్ణా పశ్చిమ డెల్టాలో తొమ్మిదేళ్లు ఔట్‌సోర్సింగ్ మీద చేశాను. కాగితం మీద హోదా ఏది రాసినా రైతులు మాత్రం లస్కరు అనే పిలిచేవారు, అంటే తూముల షట్టర్లు తిప్పి కాలువ నీళ్లు పంచేవాడు. జీతం నాలుగైదు నెలలకోసారి వస్తుంటే ఇద్దరు పిల్లల ఫీజులు కట్టలేకపోయాను. ఇప్పుడు గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనికి కుదిరాను. ఏ ఆఫీసు కింద చేశానో రాయడం నాకిష్టం లేదు, అక్కడి వాళ్లూ మనలాంటి వాళ్లే.

నన్ను బాధపెట్టింది ఆఖరి రోజు. తాళాలు, షట్టరు తిప్పే హ్యాండిల్, నీటి మట్టాలు రాసే గేజీ పుస్తకం అప్పగించాను. సంతకం పెట్టించుకున్నారు. కాలువ గురించి ఒక్క మాట అడిగిన వాళ్లు లేరు. నా చోటుకి ఎవరినీ వెయ్యలేదు. అప్పటికే రెండు కాలువలు చూస్తున్న పక్క లస్కరుకే మాదీ చూడమన్నారు.

ఆ పుస్తకంలో లేనివి చాలా ఉన్నాయండీ. మూడో తూము షట్టరు దించినా అడుగున నీళ్లు పోతూనే ఉంటాయి, మట్టి బస్తాలు వెయ్యాలి. గట్టు పోసినప్పుడు ఒక గేజీ రాయి కుంగింది, అది చూపించే లెక్కలో రెండంగుళాలు తీసేసి చదవాలి. కల్వర్టు దగ్గర గుర్రపుడెక్క రెండు రోజులు తియ్యకపోతే కింద మట్టం పడిపోతుంది. నీళ్ల వంతు వచ్చిన రోజు ఎగువ వాళ్లు ఎక్కడ అడ్డుకట్ట వేస్తారో, దిగువ నుంచి టార్చిలైట్లతో బండ్ల మీద ఎవరు వస్తారో, వాళ్లు కొట్టుకోకుండా ముందు ఎవరితో మాట్లాడాలో కూడా తెలియాలి. రాత్రి రెండింటికి ఫోన్ మోగితే ఇంట్లో అందరికీ టెన్షనే. అయినా వెళ్లేవాణ్ణి. నాకు ఇవన్నీ నేర్పిన పెద్ద లస్కరు రిటైరయ్యే ముందు ఒక సీజనంతా నన్ను వెంట తిప్పుకున్నాడు. నా తర్వాత వచ్చేవాడికి ఆ వీలు కూడా లేదు.

విజయవాడ దగ్గర 1855లో ఆనకట్ట కట్టారు. దాని చోట ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. దాని కింద సుమారు 13 లక్షల ఎకరాలు సాగవుతుంది. అంత ఆయకట్టుకి బ్యారేజీలో నిలిచేది 3 టీఎంసీల నీరే. పులిచింతల నుంచో, పట్టిసీమ గోదావరి నీళ్లో వచ్చినవి వచ్చినట్టు పంచుకోవాల్సిందే. పంచేది తూము దగ్గర నిలబడ్డ మనిషి. అతను లేకపోతే ఎగువన చేలు మునుగుతాయి, రేపల్లె, నిజాంపట్నం వైపు నారుమళ్లు ఎండుతాయి. సముద్రం దగ్గరి ఆ ఊళ్లలో బోరు వేసుకుందామన్నా చాలాచోట్ల ఉప్పునీళ్లే పడతాయి. కాలువ రాకపోతే ఆ రైతుకి మరో దారి లేదు.

కాలువల బాగోగులు రైతులే చూసుకునే నీటి సంఘాల చట్టం 1997 నుంచి ఉంది. 2024 డిసెంబరులో ఎన్నికలు కూడా జరిపారు, అధ్యక్షులు వచ్చారు. మంచిదే. కానీ అర్ధరాత్రి షట్టరు తిప్పడానికి అధ్యక్షుడు వస్తాడా?

జలవనరుల శాఖ వారికి నా మనవి ఒకటే. జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలేలోగా ఖాళీగా ఉన్న ప్రతి కాలువకీ ఆ ఊళ్ల మనిషినే ఒకరిని వెయ్యండి. జీతం నెలనెలా ఇవ్వండి, లేకపోతే వచ్చినవాడూ నాలాగే వెళ్లిపోతాడు. మానేసేవాళ్లని, రిటైరయ్యేవాళ్లని పంపించే ముందు తూము తూముకీ వాళ్లకి తెలిసింది చెప్పించుకుని పుస్తకంలో రాయించండి. దీనికి పెద్ద ఖర్చేమీ అవదు.

నాకు ఆదివారం సెలవు. మా కాలువకి కొత్త మనిషిని వేస్తే కబురు చెయ్యండి. లాకుల దగ్గర నుంచి చివరి తూము దాకా వెంట నడిచి చూపిస్తాను. దానికి డబ్బులేమీ వద్దు.

ఇట్లు,
ఒక మాజీ లస్కరు,
గుంటూరు