రెండోసారి వెళ్ళగలిగేలా చేసిన మీ అందరికీ వందనాలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. గోదావరి గట్టు మీద, వీధుల్లో పడుకునే నిరాశ్రయుల కోసం వానలకు ముందు మేం చేసిన విన్నపం చదివి బియ్యం పంపినవాళ్ళకీ, మందులు కొనిచ్చినవాళ్ళకీ, వంటకి నిలబడ్డ అక్కలకీ, రాత్రిపూట ఆటో తీసుకొచ్చిన తమ్ముళ్ళకీ, గట్టు మీద మాతో పాటు కింద కూర్చుని కట్లు కట్టినవాళ్ళకీ మా బృందం తరఫున నిండు మనసుతో కృతజ్ఞతలు. పేర్లు రాయొద్దని చాలామంది గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. కానీ మీరిచ్చింది ఎవరి చేతికి చేరింది, ఏ పనికి వచ్చింది అన్నది మీకు తెలియాలి. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాం.

రాజమండ్రి గోదావరి గట్టు మీద కార్తీకమాసంలో అన్నానికి లోటుండదు. కోటిలింగాల రేవు దగ్గర, పుష్కరాల రేవు దగ్గర ఒకరి వెనక ఒకరు పొట్లాలు పంచుతూనే ఉంటారు. తినలేక పక్కన పెట్టినవాటికి చీమలు పడతాయి. శివరాత్రికీ అంతే. ఆషాఢం వచ్చాక సంగతి వేరు. స్నానాలకొచ్చే జనం తగ్గిపోతారు, ముసురు పట్టిందంటే పంచేవాళ్ళూ రారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీళ్ళు 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. వరద పెరిగేకొద్దీ మెట్ల మీద పడుకునేవాళ్ళు స్టేషన్ బయటికీ, బస్సు కాంప్లెక్సుకీ, మూసేసిన షాపుల అరుగుల మీదికీ చెదిరిపోతారు. నిన్నటిదాకా కనిపించిన పెద్దాయన ఇవాళ కనిపించడు. ఆయన కాలికి కట్టు మార్చాల్సిన రోజు దాటిపోతుంది.

ఒక పొట్లం ఒక పూట గడుపుతుంది. అదే మనిషిని వెతుక్కుని మూడోరోజు మళ్ళీ వెళ్ళడమే అసలు పరిచర్య అని మా నమ్మకం. బైబిల్లో లూకా సువార్త పదో అధ్యాయంలో యేసు చెప్పిన కథలో, దారి పక్కన గాయాలతో పడున్న మనిషిని చూసిన సమరయుడు గాయాలు కట్టి తన దారిన పోలేదు. పూటకూళ్ళవాడికి రెండు దేనారాలిచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. ఈ వానాకాలంలో మీరిచ్చిన ప్రతిదీ ఆ తిరిగి రావడానికే పనికొచ్చింది.

ముందు గాజుగుడ్డ, సెలైన్ సీసాలు, గ్లవ్స్ ఇచ్చిన మెడికల్ షాపు అన్నయ్యకీ, డ్యూటీ దిగి వచ్చి మా పిల్లలకి చేతులు పట్టుకుని కట్టు కట్టడం నేర్పిన స్టాఫ్ నర్సు అక్కకీ వందనాలు. అక్క నేర్పింది ఇక్కడ రాస్తున్నాం, వేరే ఊళ్ళలో ఈ పని చేసే సంఘాలకి ఉపయోగపడుతుంది. పాత కట్టుని నేరుగా లాగకూడదు. సెలైన్ పోసి తడిపి అయిదు నిమిషాలు ఆగాలి. ఎండి అతుక్కున్న గుడ్డని లాగితే కొత్తగా పట్టిన కండ దాంతోపాటే ఊడొస్తుంది. ఆ నొప్పి ఎరిగిన మనిషి ఇంకోసారి మన ముందు కాలు చాపడు. పుండుని సెలైన్‌తోనే కడగాలి. స్పిరిట్టు గానీ, బుసబుస పొంగే హైడ్రోజన్ పెరాక్సైడ్ గానీ పుండులో పోయకూడదు, మానుతున్న కండని కూడా అవి కాల్చేస్తాయి. కాలివేళ్ళ సందులు పూర్తిగా తుడిచి ఆరనివ్వాలి. కట్టు వేళ్ళ వైపు నుంచి మడమ మీదుగా పైకి చుట్టాలి, వేళ్ళ కొసలు బయటికి కనిపించాలి. కాసేపటికి ఆ కొసలు చల్లబడినా, నీలంగా మారినా కట్టు బిగిసిందన్నమాట, విప్పి మళ్ళీ వదులుగా కట్టాలి.

వానలో ఇంకో చిక్కుంది. కట్టు తడిస్తే చీము పడుతుంది. తడవకూడదని పాలిథిన్ కవరు తొడిగి వదిలేస్తే లోపల చెమటకి చర్మం నానిపోయి పుండు ఇంకా పెద్దదవుతుంది. కవరు ఇచ్చేటప్పుడే వాన ఆగగానే తీసెయ్యమని చెప్పాలి. పక్కన పడుకునేవాళ్ళకి కూడా చెబితే వాళ్ళు గుర్తుచేస్తారు.

పురుగులు పట్టిన పుండు చూసి కొత్తగా వచ్చినవాళ్ళు వెనక్కి జరుగుతారు, అది సహజం. టర్పెంటైన్ నూనెలో ముంచిన గాజుగుడ్డ పుండు అంచున పెడితే లోపలివి ఊపిరాడక పైకి వస్తాయి, ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కటిగా తీయాలి. ఒక్క రోజులో అన్నీ రావు. మర్నాడు ఎవరూ వెళ్ళకపోతే మొదటిరోజు పడ్డ కష్టమంతా వృథా. ఎముక కనిపిస్తున్నా, వేలు నల్లబడినా, జ్వరం ఉన్నా మేం చెయ్యి పెట్టకుండా 108కి ఫోన్ చేస్తాం. టీటీ ఇంజక్షన్ కూడా ఆసుపత్రిలోనే.

పాదంలో పెద్ద పుండు ఉండి నొప్పి తెలియడం లేదంటే ఎక్కువగా షుగరో, కుష్ఠో అయ్యుంటుంది. కుష్ఠుకి మందులు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. రకాన్ని బట్టి ఆరు నెలలో, పన్నెండు నెలలో వాడాలి. వాడుతున్న మనిషి దగ్గర కూర్చుంటే, చెయ్యి పట్టుకుంటే మనకేమీ కాదు. డెల్టాలో ఈ పని కొత్తదీ కాదు. 1836లో ఇంగ్లండ్ నుంచి మన దేశానికి వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు ఆ తర్వాత నరసాపురం కేంద్రంగా పనిచేసిన ప్రాంతం ఇది. ఆ నరసాపురంలోనే తర్వాత బెతెస్ద కుష్ఠు ఆసుపత్రి వచ్చింది. స్పర్శ లేని పాదాలకి మెత్తటి ప్రత్యేకమైన రబ్బరుతో చేసిన ఎంసీఆర్ చెప్పులు కావాలి. మామూలు హవాయి చెప్పుల్లో మేకు దిగినా వాళ్ళకి తెలియదు. కట్టు ఉన్న కాలికైతే రెండు సైజులు పెద్దవి, వెనక పట్టీ ఉన్నవి ఇవ్వాలి. ఈసారి చెప్పులిచ్చిన కుటుంబం సైజులు అడిగి మరీ కొంది. ఆ ఒక్క ప్రశ్న ఎంత మేలు చేసిందో మాటల్లో చెప్పలేం.

ఇక బియ్యం. 26 కేజీల బస్తాలు పంపిన రైస్ మిల్లు వారికీ, గుండిగలు అద్దె లేకుండా ఇచ్చిన క్యాటరింగ్ మాస్టారికీ, స్త్రీల సమాజం అక్కలకీ, పిన్నులకీ ప్రత్యేకంగా వందనాలు. పది కేజీల బియ్యం వండితే పొట్లానికి 350 గ్రాముల లెక్కన ఎనభై దాకా వస్తాయి. సాంబారన్నం రుచిగానే ఉంటుంది గానీ వానాకాలం ఉక్కలో తొందరగా పులుస్తుంది, పొట్లం కారుతుంది. చింతపండు పులిహోర నిలుస్తుంది. అయితే పచ్చిమిర్చి సగానికి సగం తగ్గించాలి, పొద్దుటి నుంచి ఖాళీగా ఉన్న కడుపులో కారం మండుతుంది. పొగలు కక్కే అన్నాన్ని నేరుగా పొట్లం కడితే ఆవిరి లోపలే నీరై రెండు గంటల్లో వాసన వస్తుంది. శుభ్రమైన పంచె మీద పరిచి ఆవిరి పోయాక కట్టాలి, కట్టాక ఆలస్యం చేయకుండా పంచాలి. ఆరున్నరకి పొయ్యి దింపితే ఎనిమిదిన్నరకల్లా ఆఖరి పొట్లం చేతికి చేరేలా అక్కలు సమయం పాటించారు. చెప్పుకోవడానికి చిన్న సంగతే గానీ, ఒక్కరికీ కడుపు నొప్పి రాకుండా కాపాడింది అదే.

పళ్ళు లేని ముసలివాళ్ళకి విడిగా మెత్తటి పప్పన్నం చేసిచ్చారు. రావులపాలెం నుంచి గెలలు పంపిన రైతులకి కూడా వందనాలు. అరటిపండు తొక్క తీసేదాకా శుభ్రంగా ఉంటుంది, నమలలేనివాళ్ళు కూడా తింటారు. దోరగా ఉన్నవి పంపడం ఇంకా మంచిదైంది, రెండు రోజులకి సర్దుకున్నాం. నాలుగైదు రోజులుగా ఏమీ తినని మనిషి దొరికితే మాత్రం ఆకలి చూసి జాలిపడి కడుపునిండా పెట్టకూడదు. ఒక్కసారిగా తింటే రక్తంలో లవణాలు తారుమారై ప్రాణం మీదికి వస్తుంది. కొద్దికొద్దిగా గంజి, లీటరు నీళ్ళలో కలిపిన ఒక పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్టు, ఆ వెంటనే ఆసుపత్రి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయనేకూడదు.

ఆదివారం మధ్యాహ్నాలు షాపు మూసి వచ్చిన సెలూన్ అన్నయ్యలిద్దరికీ మేం ఎంతో రుణపడ్డాం. అట్టకట్టిన జుట్టులో ముందే ట్రిమ్మర్ పెడితే బ్లేడు ఇరుక్కుని తల గుంజుకుపోతుంది. కత్తెరతో పొట్టిగా చేసి, ఆ తర్వాతే ట్రిమ్మర్ పెట్టాలి. తీసిన జుట్టు కవర్లో కట్టి తీసుకెళ్ళాలి, గట్టు మీద వదిలితే పేలు పక్కవాళ్ళకి ఎక్కుతాయి. రేవుల్లో జడలు మొక్కుగా పెంచుకున్న సాధువులుంటారు. వాళ్ళ జడల జోలికి అన్నయ్యలు వెళ్ళలేదు. ఎవరినైనా సరే అడిగి, ఒప్పుకుంటేనే చేశారు.

గజ్జి ఉన్నవాళ్ళకి కొత్త బట్టలు ముందే ఇచ్చి లాభం లేదు. డాక్టరు గారు రాసిచ్చిన 5 శాతం పెర్మెత్రిన్ క్రీము మెడ నుంచి అరికాళ్ళ దాకా రాసి, రాత్రంతా ఉంచి, పొద్దున్నే స్నానం చేయించి అప్పుడు ఉతికిన బట్టలు వేయాలి. వారానికి మళ్ళీ రాయాలి. పాత దుప్పటిని వేడినీళ్ళలో ఉడకబెట్టాలి, కుదరకపోతే కవర్లో మూడు రోజులు మూట కట్టి ఉంచాలి. దగ్గర పడుకునేవాళ్ళందరికీ ఒకేసారి రాయకపోతే తిరిగి ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. ఈ పనికి స్నానాల గది తెరిచి ఉంచిన మున్సిపల్ నిరాశ్రయుల వసతి గృహం కేర్‌టేకర్ గారికి మా నమస్కారాలు.

రాజమండ్రి హౌరా–చెన్నై రైలు మార్గం మీద ఉంది. ఎక్కడో రైలెక్కి, మతి స్థిమితం లేక ఇక్కడ దిగిపోయినవాళ్ళు ఒడియా, బెంగాలీ, హిందీ మాట్లాడతారు. మనకి అర్థంకాక మూగవాళ్ళనుకుంటాం. ఒడియా తెలిసిన టిఫిన్ సెంటర్ తమ్ముడొకరు రాత్రి పని ముగించుకుని మాతో వచ్చాడు. అతన్ని చూసి నేర్చుకున్నదేమిటంటే, నీ పేరేంటి, మీ నాన్న పేరేంటి అని మొదలుపెడితే జవాబు రాదు, అదంతా పోలీసు విచారణలా ఉంటుంది. మీ ఊళ్ళో సంత ఏ రోజు, జాతర ఏ దేవుడికి, బస్సు ఎక్కడ ఆగుతుంది అని ముచ్చటగా అడిగితే ఊరి పేరు దానంతటదే బయటికొస్తుంది. ఆ పేరుతో అక్కడి పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేయడం రెండో మెట్టు. ఆ ఫోన్లు ఓపిగ్గా చేసిన కానిస్టేబుల్ గారికి వందనాలు. మానసిక రోగంతో వీధిలో తిరుగుతున్నవాళ్ళని 24 గంటల్లోపు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాల్సిన బాధ్యత పోలీసులదేనని 2017 మానసిక ఆరోగ్య చట్టంలో నూరో సెక్షన్ చెబుతోంది. అది తెలిసి వినయంగా అడిగితే పని జరుగుతుంది. పెద్ద చికిత్స అవసరమైతే విశాఖ మానసిక ఆసుపత్రికి పంపుతారు. గొలుసులు కట్టి ప్రార్థన ఒక్కటే చేయించే చోట్లకి మాత్రం మేం ఎవరినీ పంపం. ప్రార్థన చేస్తాం, మందులూ వేయిస్తాం.

తాగుడు విషయంలోనూ అంతే. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, లేనివి కనిపించడం, ఫిట్స్ వస్తాయి. ఆ రోజుల్లో ఆసుపత్రి మంచమే కావాలి. రెండు వారాలు దాటిన దగ్గుకి కళ్ళె పరీక్ష చేయిస్తాం. రాజమండ్రి పెద్దవాళ్ళకి టీబీ అంటే విశ్రాంతిపురం శానిటోరియం గుర్తొస్తుంది. ఇప్పుడు మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే (పీహెచ్‌సీ) ఉచితంగా దొరుకుతాయి, టీబీ ఉన్నవాళ్ళకి ప్రభుత్వం పెట్టిన నిక్షయ్ పథకం కింద తిండికి నెలకి వెయ్యి రూపాయలూ వస్తాయి. ఆ డబ్బు పడాలంటే బ్యాంకు ఖాతా, ఖాతాకి ఆధార్. చిరునామా లేనివాళ్ళకి వసతి గృహం అధికారి ఇచ్చే ధ్రువపత్రం పనికొస్తుంది. కొత్త ఆధార్‌కి వేలిముద్రలిస్తే, పాతది ఉందని దరఖాస్తు తిరిగి రావచ్చు. దాన్ని పోగొట్టుకున్నట్టు అనుకోవద్దు, ఆ పాత ఆధార్ ఆచూకీతోనే సొంత ఊరు దొరికే దారి ఉంటుంది.

ఒంటరి పిల్లలు కనిపిస్తే ఇంటికి తీసుకెళ్ళకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. వాళ్ళని 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందుకి తీసుకెళ్ళాలి. కుటుంబం వదిలేసిన వృద్ధుల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది.

అన్నం పొట్లంతో కరపత్రం పెట్టకూడదు, తినడానికి ముందు పాట పాడించకూడదు, అడిగినవాళ్ళకే ప్రార్థన అన్న మా నియమాన్ని మా సంఘాల పాస్టర్లందరూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు. ఆకలితో ఉన్న మనిషి దేనికైనా తలూపుతాడు, ఆ తలూపడాన్ని విశ్వాసమని లెక్క రాసుకోవడం ప్రభువుకి అవమానం అని మేం గట్టిగా నమ్ముతాం. ఫొటోలు కూడా అందుకే లేవు. గుడి అన్నదానం వారు మిగిలిన పులిహోర మా వైపు పంపారు. మసీదు దగ్గరి పెద్దలు శుక్రవారాలు తామే చూసుకుంటామని చెప్పారు. అలా పంచుకోవడంతో ఒకే రోజు మూడు పొట్లాలు, మర్నాడు ఏమీ లేకపోవడమనేది తగ్గింది. వారందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాం.

జమాఖర్చుల పుస్తకం చర్చి ఆవరణలో బల్ల మీద ఉంది, ఎవరైనా చూడవచ్చు. బరువు రగ్గులు ఇంక పంపకండి. తడిస్తే ఆరవు, మోసుకు తిరగలేరు, రెండు రోజులకి వదిలేస్తారు. పుష్యమాసం చలికి పలచటి దుప్పట్లు రెండేసి ఇస్తే చాలు. ప్రస్తుతం కావలసినవి ముందు జిప్పున్న నైటీలు, నాడా లుంగీలు, లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు, 9, 10 సైజుల వెనక పట్టీ చెప్పులు. వీటికంటే ముఖ్యంగా కావలసింది, మంగళ, శుక్రవారాల పొద్దున ఆరింటికి కట్లు మార్చడానికి వచ్చే ఇద్దరు మనుషులు. కట్టడం రాకపోయినా ఫర్వాలేదు, అక్క నేర్పుతుంది. సెలైన్ సీసాలు పట్టుకుని, కట్టు మార్చాల్సినవాళ్ళ పేర్లు పుస్తకంలో రాసుకుంటే చాలు.

ప్రభువునందు మీ సహోదర సహోదరీలు,
వీధి పరిచర్య బృందం, రాజమహేంద్రవరం