పాస్‌పోర్టు కంపెనీ దగ్గర, జిరాక్సు ఇంటి దగ్గర

సంపాదకులకు నమస్కారం.

మెట్‌పల్లి బస్టాండు దగ్గర నాకు చిన్న జిరాక్సు సెంటరుంది. దుబాయ్, సౌదీ పోయేవాళ్లు ముందు మా దగ్గరికే వస్తారు. పోయిన నెల ఒకామె ఫోను తెచ్చి, భర్త పాస్‌పోర్టు ఫొటో చూపించి ప్రింటు తీయమంది. సగం చీకట్లో తీసిన ఫొటో. ఒరిజినల్ ఏదమ్మా అంటే, "దిగంగనే కంపెనోళ్లు గుంజుకున్నరు. ఏడు నెలల జీతం ఇయ్యలే, అదీ ఇయ్యలే" అంది. నాలుగుసార్లు తీస్తే గానీ నంబరులో చివరి రెండంకెలు కనబడలేదు. పది కాపీలు తీసుకుంది. ఎవరికి ఇవ్వాలో మాత్రం ఆమెకు తెలియదు, నాకూ తెలియదు.

మన 1967 పాస్‌పోర్టు చట్టం ప్రకారం పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వ ఆస్తి. 1990 డిసెంబర్ 18న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వలస కార్మికుల ఒప్పందమూ చట్టం అధికారమిచ్చిన ప్రభుత్వాధికారి తప్ప ఇంకెవరూ దాన్ని గుంజుకోవద్దంటుంది. దేశం నుంచి వెళ్లగొట్టినా, రావాల్సిన జీతం అడిగే హక్కు పోదంటుంది. కాగితాల్లేని వాళ్లకు, అంటే మనోళ్లు ఖల్లివల్లి అనే వాళ్లకు కూడా ఇవి వర్తిస్తాయి.

2003 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఈ ఒప్పందంలో శ్రీలంక, ఫిలిప్పీన్స్, బంగ్లాదేశ్ చేరాయి. ఆరు గల్ఫ్ రాజ్యాల్లో ఒక్కటీ చేరలేదు. మనమూ చేరలేదు! "వాళ్లు చేరకుంటే మనం చేరి ఏం లాభం?" అని మా షాపుకొచ్చే ఒక టీచరు అడిగారు. నిజమే, మన సంతకంతో కఫీల్ (అక్కడ పనికి పెట్టుకున్న యజమాని) బీరువా తాళం ఊడిరాదు. కానీ మనమే పక్కన కూర్చుని వాళ్లను ఏ మొహంతో అడుగుతాం? పైగా మనుషుల్ని పంపే దేశానికీ ఇందులో పనుంది. దొంగ ఆశలు చూపే ఏజెంట్లను కట్టడి చేయాలి. మన పాలకులకు అసలు ఇష్టం లేనిది ఇదేనేమో అని నా అనుమానం.

గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది, మంచిదే. బతికున్నోడి పాస్‌పోర్టు ఎవరిప్పిస్తారు?

మా నిజామాబాద్ ఎంపీ, కరీంనగర్ ఎంపీ మన దేశం ఈ ఒప్పందం మీద సంతకం ఎప్పుడు పెడుతుందని పార్లమెంటులో అడగాలి. రాతపూర్వకంగా ఏ జవాబు వచ్చినా నా షాపు గోడకు అంటిస్తాను. కాపీ కావాలన్నవాళ్లకు జిరాక్సు ఫ్రీ.

– ఒక జిరాక్సు సెంటరు యజమాని, మెట్‌పల్లి, జగిత్యాల జిల్లా