డిటెక్టివ్‌కి పేజీ నిండా, తప్పిపోయినవాళ్లకి రెండు లైన్లు

అయ్యా,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో సీరియల్ కిల్లర్‌ని వెంటాడే డిటెక్టివ్ సినిమా గురించి పేజీ నిండా రాశారు. సినిమా నేనూ చూశాను. బాగానే తీశారు, చివరిదాకా టెన్షన్ తగ్గలేదు. కానీ అనుమానితుణ్ణి కుర్చీకి కట్టేసి, కొట్టి నిజం కక్కించే సీన్‌ని మీరు తెగ మెచ్చుకున్నారు. అది చదివాక నాలుగు రోజులైనా మనసు ఊరుకోలేదు.

దక్షిణ కొరియాలోని హ్వాసాంగ్‌లో 1986 నుంచి 1991 వరకు పదిమంది ఆడవాళ్ల హత్యలు జరిగాయి. అందులో ఒకటి తానే చేశానని పోలీసులు ఒక అమాయకుడి చేత బలవంతాన ఒప్పించారు. అతను 20 ఏళ్లు జైల్లో మగ్గాడు. అసలు హంతకుడు 2019లో బయటపడ్డాడు, అదీ భద్రపరిచిన పాత వస్తువులకు డీఎన్‌ఏ పరీక్ష చేస్తే. ఆ అమాయకుణ్ణి 2020 డిసెంబరులో గానీ నిర్దోషి అనలేదు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదని మన దేశంలో 1872 సాక్ష్య చట్టం నాటి నుంచే ఉంది. ఇది తెలిసిన పత్రిక దెబ్బలకు చప్పట్లు కొట్టొచ్చా?

ఢిల్లీ పక్కన నోయిడాలోని నిఠారీ సంగతి చూడండి. పిల్లలు కనబడటం లేదని తల్లిదండ్రులు నెలల తరబడి మొత్తుకున్నా ఎవరూ పట్టించుకోలేదు. చివరికి 2006 డిసెంబరులో మురికికాలువలో ఎముకలు దొరికాయి. దర్యాప్తు అంత అధ్వానంగా జరిగింది కాబట్టే 2023లో అలహాబాద్ హైకోర్టు చాలా కేసుల్లో నిందితులను నిర్దోషులంది. మొదటి బిడ్డ తప్పిపోయిన రోజే పోలీసులు ఫిర్యాదు కాగితం తీసుకుని కదిలి ఉంటే ఎంతమంది బతికేవారో!

ఆ కాగితం ఎలా తీసుకుంటారో నాకు తెలుసు. మాది పర్లాకిమిడి. మా మేనమామకి మతిమరుపు. నిరుడు పాతపట్నం సంతకని వెళ్లి తిరిగి రాలేదు. ఇక్కడి స్టేషన్‌లో 'ఆంధ్రాలో తప్పిపోతే అక్కడే చెప్పుకోండి' అన్నారు. అక్కడికి పోతే 'మీది ఒడిశా కదా' అన్నారు. మా అత్త ఆయన ఫొటోని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకుని, ఒడియాలో ఒక అర్జీ, తెలుగులో ఒక అర్జీ పట్టుకుని రెండు రోజులు అటూ ఇటూ తిరిగింది. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు రాసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలోనూ అది ఉంది. మూడో రోజు నౌపడా రైల్వే స్టేషన్‌లో టీ అమ్మే కుర్రాడు మామయ్యను గుర్తుపట్టి ఫోన్ చేశాడు. పోలీసులు కాదు.

గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు మాది. 1936లో ఒడిశాలో కలిసింది మొదలు ప్రతి పనికీ రెండు రాష్ట్రాల మధ్య మాకు ఈ తిరుగుడే. రేషన్ కార్డుకీ అంతే, ఆస్పత్రికీ అంతే. ఆఫీసర్లు మారతారు, మాట మారదు. మీ శ్రీకాకుళం పేజీలో మా వార్త ఉండదు, ఒడియా పేపర్లు తెలుగువాళ్ల గోడు రాయవు.

మీకు చేతనైనది ఒకటుంది. జిల్లా పేజీలో కనబడనివాళ్ల ఫొటోలకు, దొరికిన గుర్తుతెలియని శవాల వివరాలకు రోజూ కొంచెం చోటివ్వండి. సరిహద్దుకి అటువీ ఇటువీ కలిపి వేయండి. మీ విలేకరిని ఒక్క రోజు మా అత్తలాగా అర్జీ పట్టుకుని రెండు స్టేషన్లకీ వెళ్లమనండి. అక్కడ ఏమన్నారో ఉన్నదున్నట్టు అచ్చు వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా