మంత్రి గారూ, రన్‌వే కంటే ముందు శబ్దం మ్యాపు చూడండి

గౌరవనీయులైన పౌర విమానయాన శాఖ మంత్రి గారికి నమస్కారం.

విమానాశ్రయ విస్తరణ ఫైలు మీ దగ్గరికి వచ్చేసరికి అందులో ప్రయాణికుల లెక్క, సరుకు లెక్క, ఉద్యోగాల లెక్క ఉంటాయి. పక్క పట్టణంలో ఎవరి నిద్ర చెడుతుంది, ఏ బడి మీదుగా విమానాలు దిగుతాయి అన్న లెక్క కూడా చూశాకే సంతకం పెట్టండని అడగడానికే ఈ లేఖ.

విమానాశ్రయం వద్దని మేం అనడం లేదు. దాని వల్ల పనులు దొరుకుతాయి, రోడ్లు బాగుపడతాయి. కానీ ఆ మేలు అందరికీ ఒకేలా అందదు. స్థలం ఉన్నవాళ్లకు ధర పెరుగుతుంది, అద్దెకుండేవాళ్లకు అద్దె పెరుగుతుంది. ఇళ్ల మధ్యకు గోదాములు, లాడ్జీలు వస్తాయి. రాత్రి దిగే సరుకు కోసం లారీలూ రాత్రే తిరుగుతాయి.

విమానాలు దిగే దారి కింద ఉన్న బడికి ఒక్కసారి వెళ్లి చూడండి. టీచర్ పాఠం మధ్యలో ఆగిపోతారు, సుద్దముక్క బోర్డు మీదే ఉంటుంది. చప్పుడు తగ్గాక అదే వాక్యం మళ్లీ మొదలుపెడతారు. ఈలోపు వెనక బెంచీ పిల్లల ధ్యాస ఎటో పోతుంది. 1992లో మ్యూనిక్‌లో పాత విమానాశ్రయం మూసి కొత్తది తెరిచినప్పుడు, రెండు చోట్లా పిల్లల్ని ముందూ తర్వాతా పరీక్షించారు. కొత్త విమానాశ్రయం దగ్గర పిల్లల చదువు, జ్ఞాపకశక్తి దెబ్బతిన్నాయి. పాతదాని దగ్గర పిల్లలు కోలుకున్నారు. చప్పుడు ఆపితే నష్టం పూడుతుందన్నమాట. మాకు ఆశ కలిగించే సంగతి ఇదే.

ఇక రాత్రి సంగతి. విమానాల చప్పుడు రాత్రిపూట సగటున 40 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. నిజానికి సగటు లెక్క కూడా సరిపోదు. మనిషికి మెలకువ వచ్చేది సగటు వల్ల కాదు, నెత్తి మీదుగా వెళ్లే ఒక్కొక్క విమానం వల్ల. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా, సిడ్నీలో 11 నుంచి 6 దాకా కొన్ని మినహాయింపులతో విమానాలు ఆపుతున్నారు. అవేమీ చిన్న విమానాశ్రయాలు కావు.

మరో అన్యాయం ఉంది. విమానాల దారి కిందే లేఅవుట్లకు అనుమతులు ఇస్తారు. జనం అప్పు చేసి ఇల్లు కట్టుకున్నాక చప్పుడని మొరపెట్టుకుంటే, తెలిసే వచ్చారు కదా అంటారు. ఎలా తెలుస్తుంది? కొనే కాగితాల్లో ఎవరు రాశారు? భూమి వాడకాన్ని ముందే ప్లాన్ చేసుకోవాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థే చెబుతోంది.

అందుకే మా విన్నపం. కొత్త రన్‌వే వస్తే ఏ వీధి మీదుగా గంటకు ఎన్ని విమానాలు వెళ్తాయో చూపే మ్యాపును అనుమతికి ముందే జనం ముందు పెట్టండి. చప్పుడు ఎక్కువుండే చోట కొత్త బడులకు, ఆసుపత్రులకు, ఇళ్లకు అనుమతి ఆపించండి. ఇప్పటికే ఉన్న బడులకు చప్పుడు ఆపే కిటికీలు, గాలి ఆడే ఏర్పాటు విమానాశ్రయం ఖర్చుతోనే చేయించండి. రాత్రి కనీసం ఆరు గంటలు ఆకాశాన్ని ఖాళీగా ఉంచండి. ప్రజాభిప్రాయ సేకరణ ఆ పట్టణంలోనే, పనులకు వెళ్లినవాళ్లు ఇంటికి వచ్చే వేళకు పెట్టించండి. మీరూ రండి.

ఇట్లు,
విమానాశ్రయం పక్కన నివసించే ఒక పౌరుడు