కట్నం ఇస్తే వాటా చెల్లిపోయినట్టేనా?

సంపాదకునికి,

అయ్యా,

అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు కల్పిస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు, వరకట్న దురాచారాన్ని రూపుమాపడం కూడా తన ఉద్దేశమని ఆ సవరణ పీఠికలోనే చెప్పుకుంది. వాటా ఉన్న పిల్లకు వేరే కట్నం ఎందుకన్నది అందులోని ఆలోచన. మన ఇళ్లలో అది తలకిందులై, కట్నం ఇచ్చాక ఇంక వాటా ఏమిటన్న మాటగా స్థిరపడింది.

2005 నాటి కేంద్ర సవరణ ఈ హక్కును దేశమంతటికీ విస్తరించింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు చెల్లుతుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా తండ్రి కాలం చేశాక అన్నదమ్ములు కబురు పెడితే అక్కచెల్లెళ్లు రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి, తమ వాటా వదులుకుంటున్నట్టు రాసిన హక్కు విడుదల పత్రం మీద సంతకం చేసి, వేలిముద్ర వేసి, పెట్టిన చీర పుచ్చుకుని తిరిగి వస్తూనే ఉన్నారు. వీరిలో చాలామందికి చట్టం తెలుసు. వాటా అడిగితే పుట్టింటి గడప తొక్కే దారి ఉండదనీ, రేపు తమ కూతురి పెళ్లికి మేనమామ రాడనీ వారి భయం, అది ఉత్త భయమూ కాదు. అందుకే మహిళలను కూర్చోబెట్టి హక్కులు వల్లించే సదస్సుల వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. ఆ సదస్సులకు రావలసింది తండ్రులు, అన్నదమ్ములు.

"పెళ్లినాడే ఇచ్చేశాం" అనేవారి లెక్కనే చూద్దాం. ఇచ్చిన కట్నం పిల్ల పేరున ఎక్కడుంది? ఎవరు పుచ్చుకున్నా దాన్ని మూడు నెలల్లో ఆమెకు అప్పగించాలని 1961 నాటి వరకట్న నిషేధ చట్టంలోని ఆరో సెక్షన్ చెబుతున్నా, అది అత్తవారి అప్పులకో, ఆడపడుచు పెళ్లికో కరిగిపోవడం మనం చూస్తున్నదే. కొడుకు ఇంజనీరింగ్ సీటుకూ, అమెరికా ప్రయాణానికీ పొలం అమ్మి పెట్టిన ఖర్చును మాత్రం అతని వాటాలోంచి తీసేసిన పెద్దమనిషి ఎవరూ కనబడరు.

విడుదల పత్రాలు రిజిస్టరు చేసేటప్పుడు సంతకం మీదేనా అని అడిగి సరిపెట్టకుండా, వదులుకుంటున్న భాగం మార్కెట్ విలువ ఎంతో ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి చదివి వినిపించాలనే నిబంధనను రెండు తెలుగు రాష్ట్రాలూ తేవాలి. ఆలోచించుకునేందుకు నెల గడువు కూడా ఇస్తే, పుట్టింటివారు ఆమెతో మాట్లాడక తప్పదు.

ఒక పాఠకురాలు,
తెనాలి