సెన్సార్ మార్చే ముందు వైరు చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. సెకండ్‌హ్యాండ్ కార్లు కొన్నవారి కోసం మీ వాహనాల పేజీలో ఇచ్చిన సూచనలు బాగున్నాయి. ఒక్కటి మాత్రం దయచేసి సరిచేయండి. ఇంజిన్ పొగలో ఆక్సిజన్ ఎంత ఉందో కొలిచే ఆక్సిజన్ సెన్సార్ గురించి లోపం కోడ్ వస్తే సెన్సార్ మార్పించుకోమన్నారు. నేనూ అలాగే ఒకసారి మార్పించాను. రెండోసారి మార్పించబోయి ఆగాను.

తొమ్మిదేళ్ల పాత పెట్రోలు కారు అది. కొన్న మూడో వారంలో, బాగా వాన పడిన రోజు, చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. మెకానిక్ గారు స్కానర్ పెడితే పి0135 అని వచ్చింది. సెన్సార్ పోయిందని కొత్తది వేసి, కోడ్ చెరిపేశారు. లైటు ఆరింది. నాలుగో రోజు మళ్లీ వెలిగింది. చాలా కార్లలో ఇలాంటి లోపం వరసగా రెండు ప్రయాణాల్లో కనబడితేనే లైటు వెలుగుతుంది. అందుకే చెరిపిన వెంటనే లైటు రాలేదని రిపేరు అయిపోయిందనుకుంటే మోసపోతాం. వేసిన కొత్తదే నాసిరకమేమో, ఇంకోటి వేద్దామన్నారు ఆయన.

అప్పుడు ఆ కోడ్ అర్థం ఏమిటో చూశాను. మొదటి బ్యాంక్ (ఇంజిన్‌లో మొదటి సిలిండరు ఉన్న వైపు), మొదటి సెన్సార్, హీటర్ సర్క్యూట్‌లో లోపం. సర్క్యూట్ అంటే ఫ్యూజు, రిలే, తీగలు, కప్లర్ (తీగలను కలిపే ప్లగ్గు), హీటరు, ఎర్త్, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు) అన్నీ కలిపి. పిల్లలకు ఏటా చెప్పే పాఠమే. సెన్సార్‌లోని జిర్కోనియా పింగాణీ దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ సరిగ్గా పనిచేయదు. పొగ వేడికి అది కాగేదాకా ఆగకుండా, స్టార్ట్ చేసిన కాసేపట్లోనే వేడెక్కించడానికి లోపల హీటరు పెట్టారు. అది పనిచేయకపోతే ఈసీయూ ఎక్కువసేపు అంచనా మీదే పెట్రోలు పోస్తుంది. మైలేజీ పడిపోవడం ఒక నష్టం. పెట్రోలు ఎక్కువై కాలకుండా బయటికి పోతే పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు కూడా ముప్పే.

తీసేసిన పాత సెన్సార్‌ను అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. నాలుగు తీగల్లో ఒకే రంగువి రెండు హీటరువి. వాటి మధ్య మల్టీమీటరు పెడితే 6 ఓంలు చూపింది. చల్లగా ఉన్న హీటరు అలా కొద్ది ఓంలే చూపాలి. లోపల తెగి ఉంటే మీటరు కదిలేదే కాదు. బాగున్న సెన్సార్‌ను తీసేశామన్నమాట.

ఇంజిన్ చల్లారాక కప్లర్ విప్పి, తాళం తిప్పి, కారు వైపు హీటరు సప్లై చూశాను. 12.3 వోల్టులు. చాలామంది ఇక్కడే వైరింగ్ బాగుందని వదిలేస్తారు. కానీ మీటరు తీసుకునే కరెంటు దాదాపు సున్నా. తీగలో ఒక్క పోగు మిగిలి ఉన్నా దానికి 12 వోల్టులు కనిపిస్తాయి. దారిలో ఎంత వోల్టేజీ పోతోందో కరెంటు పారినప్పుడే బయటపడుతుంది. అందుకని 21 వాట్ల ఇండికేటర్ బల్బును ఆ సప్లై పిన్‌కీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య కలిపాను. బల్బులో పోగు ఎర్రగా మినుకుమంది, అంతే. మీటరు 4 వోల్టుల దగ్గరికి పడిపోయింది. ఒక జాగ్రత్త చెప్పాలి. బల్బును సప్లై పిన్‌కే పెట్టండి. రెండో పిన్ చాలా కార్లలో నేరుగా ఈసీయూలోకి వెళ్తుంది, దాని జోలికి పోతే ఈసీయూ దెబ్బతినొచ్చు.

బ్యాటరీ విప్పి, వైరింగ్ వెంట చేత్తో తడుముకుంటూ వెళ్లాను. సైలెన్సర్ గొట్టం దగ్గర క్లిప్పు విరిగి, తీగలు వేడి ఆపే రేకు మీద వాలి ఉన్నాయి. అక్కడే ఎవరో ఎప్పుడో వేసిన అతుకు. ఇన్సులేషన్ టేపు బంక కరిగి వేళ్లకు నల్లగా అంటుకుంది. టేపు విప్పేసరికి మెలిపెట్టిన రాగి పోగులు ఆకుపచ్చ చిలుముగా రాలిపోయాయి. మూడంటే మూడు పోగులు పట్టుకొని ఉన్నాయి. వాన రోజునే లైటు ఎందుకు వెలిగిందో అప్పుడు అర్థమైంది.

మెరిసే రాగి కనబడేదాకా రెండు వైపులా కోశాను. అంతే మందం ఉన్న, వేడికి తట్టుకునే తీగ ముక్కను క్రింప్ చేసి (చిన్న లోహపు గొట్టంలో పెట్టి నొక్కి) కలిపి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు తొడిగి, కొత్త క్లిప్పుతో రేకుకు దూరంగా బిగించాను. ఈసారి అదే బల్బు నిండుగా వెలిగింది. ఇది కారు వైపు తీగ. సెన్సార్ సొంత తీగలు తెగితే మాత్రం టంకం వేయించకండి. చాలా సెన్సార్లు పొగతో పోల్చుకోవడానికి కావలసిన బయటి గాలిని ఆ తీగల పోగుల సందుల్లోంచే తీసుకుంటాయి. టంకం వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. కప్లర్‌లో గ్రీజు పూసినా అదే గతి. ఇది తెలియక ఎన్ని మంచి సెన్సార్లు పాడవుతున్నాయో అనిపిస్తుంది నాకు.

పాత సెన్సార్‌నే మళ్లీ బిగించాను. స్కానర్‌లో దాని సిగ్నల్ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగుతుంటే చూడటం ఎంత సంతోషమో! ఆరు నెలలైంది, లైటు మళ్లీ రాలేదు.

కొనబోయేవారికి ఇంకో మాట కూడా మీ పేజీలో చేర్చండి. కారు చూడటానికి వెళ్లినప్పుడు స్కానర్‌లో కోడ్‌లు లేవని తృప్తిపడకుండా, రెడీనెస్ మానిటర్లు కూడా చూడాలి. కారు తన భాగాలను తానే పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చెప్పేవి అవి. వాటిలో చాలావరకు పూర్తి కాలేదని చూపిస్తే, ఈ మధ్యే కోడ్‌లు చెరిపారనో బ్యాటరీ విప్పారనో అర్థం. ఇంకొన్ని రోజులు నడిపాక మళ్లీ చూపించమని అడగండి.

మెకానిక్ సోదరులకు నా విన్నపం ఒక్కటే. హీటర్ కోడ్ వస్తే ముందు ఆ బల్బు పెట్టి చూడండి. పట్టుమని పది నిమిషాలు పట్టదు.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ ఉపాధ్యాయురాలు