కర్ర చేతికిచ్చేవాళ్లు ముందు ఆపడం నేర్పుతారు

సంపాదకులకు నమస్కారం.

బడిలో ఆడపిల్లలకు కర్రసాము నేర్పడం మీద మీ పత్రికలో వచ్చిన ఉత్తరం చదివాను. పిల్లల చేతికి కర్రలిస్తే కొట్లాటలకు మరుగుతారని ఆ పాఠకుడు రాశారు. ఆ భయం నాకు కొత్త కాదు. పదేళ్ల కిందట మా అమ్మ కూడా ఫోన్‌లో అదే అంది: "డాక్టరు చదవమని అంత దూరం పంపిస్తే కర్రలు తిప్పుతున్నావా తల్లీ?"

నేను మెడిసిన్ చదివింది ఫిలిప్పీన్స్‌లోని సెబూలో. మా హాస్టల్ వెనక బాస్కెట్‌బాల్ కోర్టులో ఆదివారం పొద్దున్నే ఒక పెద్దాయన పిల్లలకు ఆర్నిస్ అనే అక్కడి కర్ర విద్య నేర్పేవారు. జీప్నీ, అంటే అక్కడ సిటీ బస్సులా తిరిగే పొడవాటి జీపు, నడిపి నడిపి మానేసిన మనిషి. అందరూ ఆయన్ని 'గురో' అని పిలిచేవాళ్లు. మన గురువే, సముద్రం దాటి అక్కడ అలా స్థిరపడ్డాడు.

ఆర్నిస్ అన్నా, ఎస్క్రిమా అన్నా, కాలి అన్నా ఇంచుమించు ఒకే విద్య. దీని కర్ర మన కర్రసాము కర్రలా నిలువెత్తు ఉండదు. 28 అంగుళాల పొడవు, బొటనవేలంత లావు. పేముతో చేస్తారు. మన పాత ఇళ్లలో పేము కుర్చీలు ఉండేవి కదా, ఆ పేమే. వెదురులా లోపల డొల్ల ఉండదు, నిండా నారే. అందుకే దెబ్బలు తిన్నా ఫెళ్లున విరిగి పేళ్లు లేవదు, మెల్లగా నలిగి పీచు పీచవుతుంది. పీచు లేచిన చోట కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపు చుట్టుకునేవాళ్లం. రెండు పేము కర్రలు గట్టిగా తగులుతూ పోతే కాసేపటికి కాలిన వాసన వస్తుంది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు సెబూ ఆదివారాలే గుర్తొస్తాయి.

మొదట నేర్పింది సినావాలి. అక్కడ ఇళ్ల గోడలకు కట్టే వెదురు తడికను సవాలి అంటారు, ఆ మాట నుంచే ఈ పేరు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చేతికొక కర్ర పట్టుకుని, తడిక అల్లినట్టు పైనా కిందా ఒకరి కర్రకు ఒకరు తగిలిస్తూ పోవాలి. కోలాటం చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. నా జోడీ పదేళ్ల పిల్ల. రెండో వారమే నేను తొందరపడి వేగం పెంచాను. కర్ర వెళ్లి ఆ పిల్ల వేళ్ల మీద పడింది. గురో ఒక్క మాట అనలేదు. నా కర్రలు రెండూ తీసి గోడకు ఆనించి, ఆ పూటంతా ఒట్టి చేతులతో అదే వరస చేయించారు. ఆ పిల్ల వేళ్లు ఊదుకుంటూనే ఒకటీ రెండూ అంటూ నాకు లెక్క చెప్పింది. అంత సిగ్గు నాకు పరీక్ష తప్పినప్పుడు కూడా కలగలేదు.

తర్వాత ఒంటి కర్ర. ఏ వైపు నుంచి వచ్చే దెబ్బకు ఏ అంకె అని నేర్పుతారు. చేతిలో కర్ర ఉన్నా, కత్తి ఉన్నా, ఏమీ లేకపోయినా అవే దారులు. అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఆయుధం పట్టిన చెయ్యి. ముందు ఆ చేతినే కొట్టడాన్ని 'పాము కోరలు పీకడం' అంటారు. వేళ్ల మీద తగిలితే కత్తి కింద పడుతుంది, ఇక తల పగలగొట్టాల్సిన పని లేదు. ఒకసారి గురో కర్ర నా కణత దాకా వచ్చి వేలెడు దూరంలో నిలిచిపోయింది. గాలి తగిలింది, కర్ర తగల్లేదు. "కొట్టడం ఎవరికైనా వస్తుంది, ఇక్కడ ఆపడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది" అన్నారు.

సెబూలో ఈ విద్యకు పెద్ద చరిత్రే ఉంది. దోసే పారెస్ సంఘం 1932లో పుట్టింది. అందులోంచి బయటికొచ్చిన వెనాన్సియో బాకోన్ 1950లలో బలింతవాక్ అనే వీధిలో, ఒక గడియారాల షాపు వెనక నేర్పేవారు. ఆ వీధి పేరే ఆ పద్ధతికి నిలిచిపోయింది. 2009 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం చట్టం చేసి ఆర్నిస్‌ను జాతీయ యుద్ధకళగా, జాతీయ క్రీడగా ప్రకటించింది. బడి పిల్లల జాతీయ పోటీల్లో మొదటి ఆట ఇదే కావాలని ఆ చట్టంలోనే రాశారు. యూనిఫాం వేసుకున్న పిల్లలు బ్యాగులో రెండు కర్రలు దోపుకుని జీప్నీ ఎక్కడం నేను రోజూ చూశాను. వాళ్లను చూసి ఎవరూ టెన్షన్ పడేవాళ్లు కాదు.

మనకూ కర్రసాము ఉంది. పీర్ల పండక్కో, దసరాకో బయటికి తీసి మళ్లీ అటక మీద పెట్టేస్తున్నాం. కాబట్టి ఆ పాఠకుడికి నా మనవి: దయచేసి కర్ర వద్దనకండి. బడికి వెళ్లి ఎలా నేర్పుతున్నారో చూడండి. పిల్లల ఎత్తుకు తగ్గ కర్ర ఇస్తున్నారా, జోడీగా చేయిస్తున్నారా, అదుపు తప్పితే కర్ర తీసుకుంటున్నారా అని అడగండి. ఇవి లేకపోతే మీతో పాటు నేనూ వచ్చి నిలదీస్తాను.

గురో ఇచ్చిన పేము కర్రల జత మా ఇంట్లోనే ఉంది. మా ఊళ్లో ఏ బడి వాళ్లు రమ్మన్నా ఆదివారం పొద్దున్నే వస్తాను, ఫీజు అక్కర్లేదు.

— ఒక డాక్టరు, తెనాలి